నాలుగో మార్కెట్టు జవాబు

తిప్పేస్వామి రాసిన ప్రోగ్రాము బుద్ధిగా నడిచి బుద్ధిగా ముగిసింది. చివర్లో ఏదో హెచ్చరిక ఒక లైను వచ్చింది గానీ, తప్పు కాదు కదా అని వాడు చదవలేదు. మార్కెట్టుకు మాత్రం ఒక్క బేరమూ చేరలేదు.

మూడుసార్లు నడిపినాడు. మూడుసార్లూ అదే తంతు. నాలుగోసారికి చెయ్యి రాక, లేచి పోయి దస్తగిరి సారు ముందర నిలబడినాడు.

"సార్, పంపినాను. పోలేదు."

దస్తగిరి సారంటే మా హిందూపురం వైపు తెలియనివాళ్ళు తక్కువ. పాలిటెక్నిక్‌లో ముప్పై ఏళ్ళు పాఠం చెప్పి రిటైరైన మనిషి. ఇంటి ముందుగదిలో రెండు కంప్యూటర్లు, వెనక రేకుల షెడ్డులో పట్టుగూళ్ళ నుంచి దారం తీసే తొట్టి. ముందుగది సారుది, షెడ్డు ఆయన అక్క హుసేన్‌బీది. మధ్యలో ఒక కిటికీ. పాఠం జరిగినంతసేపూ ఆ కిటికీలోంచి ఉడికిన గూళ్ళ వాసన వస్తానే ఉంటుంది. మొదటిరోజు ముక్కు మూసుకోని శిష్యుడు లేడు. రెండో వారానికి ఆ వాసన ఉన్నట్టే తెలియదు. ఫీజు లేదు. సారు ఎవరినీ రమ్మనరు, ఎవరినీ పొమ్మనరు.

తిప్పేస్వామి డిగ్రీ చేసి, బెంగుళూరులో ఏడాదిన్నర తిరిగి, ఏ కంపెనీవాళ్ళూ లోపలికి రానివ్వక వెనక్కి వచ్చినవాడు. చేతికొచ్చిన మొదటి పని ఇదే. ఊర్లో దారం తీసే ఇరవై రెండు ఇళ్ళవాళ్ళు సంఘం పెట్టుకున్నారు. ఇన్నాళ్ళూ ఎవరికి వారు బస్సెక్కి, నాలుగు ఊళ్ళ మార్కెట్లలో ఏదో ఒకదానికి పోయి గూళ్ళు కొనుక్కొచ్చేవాళ్ళు. ఇక్కడ ధర మండుతుంటే అక్కడ చల్లగా ఉండేది. పోయినాక గానీ ఆ సంగతి తెలిసేది కాదు. ఇప్పుడా నాలుగు మార్కెట్లూ కంప్యూటరులో తలుపు తెరిచినాయి. 'ఇన్ని కిలోలు, ఈ ధరకు' అని ప్రోగ్రాములోంచి రాసి పంపితే చాలు. అవతల కుదిరిందంటే సరుకు మనది. కుదిరినాక వద్దనడానికి లేదు.

ఆ వద్దనడానికి లేకపోవడమే అసలు చిక్కు. పట్టుగూడంటే బియ్యం మూట కాదు, తెచ్చి మూల పడేసుకోవడానికి. లోపల పురుగు బతికుంటుంది. వారంలోపల ఉడికించి దారం తియ్యకుంటే, అది రెక్కలు తెచ్చుకుని గూడు తొలుచుకుని బయటికొస్తుంది. తొలిచిన గూటికి దారం రాదు. ఆరబెట్టి దాచుకునే మిషన్లు పెద్ద ఫ్యాక్టరీలకు ఉంటాయి, ఈ ఇళ్ళకు యాడ ఉంటాయి? తక్కువ కొంటే తొట్టి ఖాళీ. ఎక్కువ కొంటే ఇరవై రెండు ఇళ్ళ సొమ్మూ కళ్ళముందరే రెక్కలు కొట్టుకుంటుంది.

అందుకే సంఘం పెద్ద నంజుండప్ప ముందే తేల్చి చెప్పినాడు.

"ముందర ఉత్తుత్తి మార్కెట్టులో చూపించు. సారు సరే అంటే గురువారం అసలు మార్కెట్టు. బాగా జరిగిందా, సంఘానికి బేరాలు చేసే కుర్చీ నీది, నెల జీతం నీది. లేదా, బెంగుళూరు కంపెనీవాళ్ళను పిలిపిస్తాం."

ఉత్తుత్తి మార్కెట్టంటే నేర్చుకునేవాళ్ళ కోసం మార్కెట్లవాళ్ళే పెట్టినది. అన్నీ అసలు దానిలాగే ఉంటాయి, గూళ్ళు మాత్రం ఉండవు.

సరే, వాడు వచ్చి నిలబడినాడు కదా. సారు లేచి వచ్చి తెర చూసినారు.

"పైథాన్‌లో రాసినావు, బాగుంది. క్లయింటు తెచ్చి పెట్టుకున్నావు, బాగుంది."

క్లయింటు అంటే మన తరఫున మార్కెట్టు దాకా పోయి, అడిగి వచ్చే, తయారుగా దొరికే పనిముట్టు. వీడు తెచ్చుకున్నది అసింక్ రకం. ఒక గుమ్మం ముందర పడిగాపులు పడకుండా, జవాబు వచ్చేలోపల ఇంకో పని చూసుకునే రకమన్నమాట. దాంట్లో 'అవెయిట్' అని ఒక మాట ఉంటుంది. జవాబు వచ్చేదాకా ఈ పని ఇక్కడ ఆగనీ, తక్కిన పనులు నడవనీ అని దాని భావం. చిత్రమేమిటంటే, ఆగమని రాస్తేనే ఆ పని మొదలవుతుంది.

"పంపు అని రాసినావు. అవెయిట్ ఏదప్పా?"

"తీసేసినాను సార్. తొందరగా పోవల్ల కదా, మళ్ళీ ఆగేదెందుకని."

"ఉత్తరం రాసి జేబులో పెట్టుకున్నావు," అన్నారు సారు. "పోస్టుమ్యాను మీద ఎందుకు కోపం?"

తిప్పేస్వామి ఆ మాట చేర్చినాడు. ఈసారి బేరం పోయింది. అవతల నుంచి జవాబు కూడా వచ్చింది. వాడి మొహం విప్పారింది.

రెండోరోజుకు ఆ మొహం మళ్ళీ ముడుచుకుంది. నాలుగు మార్కెట్లకూ బేరాలు పోతున్నాయి, కానీ ఒకదాని వెనక ఒకటి. మొదటిది జవాబు చెప్పినాక రెండోదానికి, రెండోది చెప్పినాక మూడోదానికి. నాలుగోదాని గుమ్మం తట్టేసరికి అక్కడ ధర మారిపోయేది.

"సార్, అసింక్ అన్నారు. ఇది నా కన్నా నిదానంగా ఉంది."

సారు కుర్చీ ఎత్తి కిటికీ దగ్గర వేసినారు.

"కూర్చో. మా అక్కను చూడు."

హుసేన్‌బీకి అరవై దాటినాయి. సన్నగా, కర్రలాగా ఉంటుంది. ఆమె ముందర మరిగే నీళ్ళ తొట్టి, తొట్టి మీద వరుసగా నాలుగు సన్న కన్నాలు. ఒక్కో కన్నం కింద ఎనిమిదేసి గూళ్ళు నీళ్ళలో ఎగురుతుంటాయి. ఆ ఎనిమిదింటి పోగులు కలిసి, ఒక్క దారమై, కన్నంలోంచి పైన తిరిగే చక్రానికి పోతాయి. మొదటి కన్నం దగ్గర ఒక గూడు అయిపోతే ఇంకో గూటి కొస అందించి, ఆమె చెయ్యి అప్పటికే మూడోదాని మీద ఉంటుంది. నాలుగు చక్రాల్లో ఒక్కటీ ఆగదు. ఆమె దేని ముందరా ఆగదు.

"ఏం చూస్తావురా అట్ల? పెళ్ళిచూపులా?" అంది హుసేన్‌బీ తల తిప్పకుండానే.

తిప్పేస్వామి సిగ్గుపడి లేచి వచ్చి, అరగంటలో ప్రోగ్రాము మార్చినాడు. నాలుగు బేరాలనూ ఒక్క కట్టగా కట్టి, ఒకేసారి వదిలి, ఏ జవాబు ముందొస్తే దాన్ని ముందు అందుకునేట్టు రాసినాడు. ఒక్క సెకను తిరక్కుండానే నాలుగు జవాబులూ వచ్చి తెర మీద వాలినాయి.

ఆ సాయంత్రానికి తిప్పేస్వామి నడకే మారిపోయింది. మర్నాడు నంజుండప్పను వెంటబెట్టుకుని వచ్చి, మీట నొక్కి చూపించినాడు. నంజుండప్ప మీసం దువ్వుకుంటూ, "ఒరే, ఇదేందిరా! బస్సు టికెట్టు చించేలోపల నాలుగూళ్ళు తిరిగొచ్చినాదే!" అన్నాడు.

"పెద్దమ్మ కన్నా నా చెయ్యే చురుకు సార్," అన్నాడు తిప్పేస్వామి, కిటికీ వైపు చూపించి.

సారు నవ్వలేదు. తెర మీద ఒకచోట వేలు పెట్టినారు.

"ఈ లైను ఏమంటుంది?"

"అదా సార్? మూడు సెకన్లలో జవాబు రాకుంటే మళ్ళీ పంపమని. అప్పటికీ రాకుంటే మళ్ళీ. గట్టి ప్రోగ్రామంటే అట్లుండల్ల. పట్టు వదలకూడదు."

"శభాష్!" అన్నాడు నంజుండప్ప. "మొగోడంటే వాడు. సార్, ఇంక గురువారానికి సరే అనండి."

సారు కాసేపు ఆ లైనునే చూసినారు. తర్వాత వాణ్ణి చూసినారు.

"రేపు ఏడింటికి రా. కంప్యూటరు వద్దు. గోళ్ళు కత్తిరించుకుని రా."

*

మర్నాడు పొద్దున సారు తిప్పేస్వామిని షెడ్డులోకి తీసుకుపోయి, తొట్టి ముందరి పీట చూపించినారు.

"ఈరోజు ఇక్కడ కూర్చుంటావు. ఒక్క కన్నం చాలు. తక్కిన మూడూ అక్క చూసుకుంటుంది."

"సార్, గురువారానికి రెండే రోజులు..."

సారు అప్పటికే వెళ్ళిపోయినారు.

హుసేన్‌బీ వాడి చేతులు తిప్పి తిప్పి చూసింది. "మెత్తగా ఉండాయి. కాలుతాయి. ఈ గిన్నెలో చన్నీళ్ళుండాయి, మధ్యలో ముంచుకో. చదువంతా ఇంతే: ఎనిమిది పోగులు. ఏడైతే దారం సన్నం. తొమ్మిదైతే లావు. ఒకటి తగ్గితే ఒకటి వెయ్యి. వినపడిందా?"

"వినపడింది పెద్దమ్మా."

"విన్నోళ్ళందరూ అట్లే అంటారు."

మొదటి గంటలో వాడి వేళ్ళు ఎర్రబడినాయి. రెండో గంటకు కొస పట్టుకోవడం తెలిసింది. తొట్టి మీద ఆవిరి తెరలాగా లేస్తుంది. దాని కింద గూళ్ళు ఒకదాన్నొకటి తోసుకుంటూ ఎగురుతుంటాయి. ఉన్నట్టుండి ఒక గూడు కదలకుండా నిలబడుతుంది. పోగు అయిపోయిందో, తెగిందో అనుకుని వాడు గబుక్కున కొత్త గూటి కొస అందించేవాడు. పదకొండింటికి చెయ్యి తిరిగింది. పన్నెండింటికి పాట కూడా కూనిరాగం తీసినాడు. పక్కన హుసేన్‌బీ మాత్రం ఒక గూడు ఆగినప్పుడల్లా, వేలి కొసతో దాన్ని ముట్టి చూస్తున్నది. ముట్టి, చేతిని చన్నీళ్ళలో ముంచి, అప్పుడు కొస వేస్తున్నది. కొన్నిసార్లు ముట్టినాక వెయ్యకుండా ఊరికే వదిలేస్తున్నది.

"ఎందుకు పెద్దమ్మా ఊరికే చెయ్యి కాల్చుకుంటావు?"

"నా చెయ్యి, నా కాలుడు. నీ కన్నం చూసుకో."

సాయంత్రం నాలుగింటికి చక్రం ఆపినారు. తిప్పేస్వామి లేచి నడుము విరుచుకుని, తను తీసిన దారం కట్టను రెండు చేతులా ఎత్తి పట్టుకున్నాడు. తెల్లగా, మెత్తగా, మెరుస్తా ఉంది.

"ఒక్కసారి కూడా తెగలేదు పెద్దమ్మా! పొద్దున్నుంచి ఒక్కసారి కూడా చక్రం ఆగలేదు!"

హుసేన్‌బీ కొంగుతో మొహం తుడుచుకుంది.

సారు వచ్చినారు. ఆ కట్టలోంచి కొంత దారం తీసి, ఒక నల్లటి చెక్క పలకకు పక్కపక్కనే చుట్టినారు. ఒక్కో చుట్టు, ఒక్కో చుట్టు. తొందర లేదు. అరచెయ్యంత వెడల్పు నిండినాక, పలకను వాకిట్లోకి తీసుకుపోయి, పడమటెండకు వాలుగా పట్టుకున్నారు.

తిప్పేస్వామి దగ్గరికి వచ్చి చూసినాడు. నల్ల పలక మీద సన్నటి తెల్ల గీతలు. వాటి మధ్యలో అక్కడక్కడా, అక్కడక్కడా ఏంటి, చాలాచోట్ల, లావుపాటి చారలు. బెత్తం దెబ్బలు తేలినట్టు ఉన్నాయి.

"ఇవేంటివి సార్?"

సారు హుసేన్‌బీ వైపు చూసినారు.

"నువ్వేసిన కొత్త కొసలు," అంది ఆమె. "పాతది తెగలేదు. తోటి గూళ్ళ మధ్యన ఇరుక్కుని నిలబడింది, అంతే. పోగు వస్తానే ఉంది. ఆవిరిలో నీకు కనపళ్ళేదు. నువ్వు ఇంకోటి వేస్తివి. అది కాస్సేపు నిలబడితే మూడోదీ వేస్తివి."

"ఆగిపోయిందనుకున్నా పెద్దమ్మా."

"ఈ దారం నేతగాడు తీసుకోడు. చీర మధ్యలో ఈ చార పడితే ఆ చీర ఎవరు కడతారు?"

తిప్పేస్వామి సారు వైపు తిరిగినాడు. "తెగిందనే అనుకున్నా సార్. నిజంగా."

"అనుకున్నావు," అన్నారు సారు.

పలక వాడి చేతిలో పెట్టి, అసర్ నమాజుకు వేళయిందని మసీదు వైపు వెళ్ళిపోయినారు.

తిప్పేస్వామి చాలాసేపు వాకిట్లోనే ఉన్నాడు. ఎండ జారిపోతుంటే దాంతోపాటే పలకను తిప్పుకుంటూ చూసినాడు. తర్వాత లోపలికి వచ్చి, కాలిన వేళ్ళతోనే కంప్యూటరు ముందర కూర్చున్నాడు.

ఉత్తుత్తి మార్కెట్టుకు ఒక్క బేరం పంపినాడు, రెండు వందల కిలోలకు. పంపిన మరుక్షణం ఇంటర్నెట్టు కేబులు పీకేసినాడు. మనసులో పది లెక్కపెట్టి మళ్ళీ పెట్టినాడు. నెట్టు ఇంకా కుదురుకోక జవాబులు ఆలస్యమవుతుంటే, ప్రోగ్రాము పట్టు వదలలేదు. మళ్ళీ పంపింది. మళ్ళీ పంపింది. చివరికి 'అయింది' అని సంతోషంగా చెప్పింది.

అప్పుడు వాడు అవతల, మార్కెట్టు దగ్గర తన పేరు మీద ఏమేమి ఉన్నాయో అడిగి చూసినాడు. ఆరు వందల కిలోలు ఉన్నాయి. మొదటిది ఎప్పుడో చేరింది. చేరిందన్న కబురు ఒక్కటే వెనక్కి రాలేదు.

హుసేన్‌బీ కిటికీలోంచి టీ గ్లాసు అందించింది. వాడు అందుకోలేదు. ఆమె గ్లాసును కిటికీ మీదనే పెట్టి పోయింది. టీ చల్లారి మీగడ కట్టింది.

ఇరవై రెండు ఇళ్ళు. మూడింతల గూళ్ళు. వాడు ఆ లెక్క చెయ్యలేదు గానీ, లెక్క వాడి మొహం మీద కనపడుతూనే ఉంది.

మర్నాడంతా ఆ ఒక్క లైను మీదనే పని చేసినాడు. బేరం పంపే ముందే దానికొక పేరు పెట్టడం నేర్చుకున్నాడు. జవాబు రాకుంటే మళ్ళీ పంపకుండా, 'ఈ పేరుతో బేరం నీకు చేరిందా?' అని అడగడం నేర్చుకున్నాడు. పేరు ఒకటే అయినంత మాత్రాన మార్కెట్టు రెండో బేరాన్ని కాదనదు, దాన్నీ తీసుకుంటుంది. పేరు అడగడానికి పనికొస్తుంది, అంతే. అది తేలేదాకా ఆ ఒక్క బేరం ఆగుతుంది, తక్కిన మూడూ నడుస్తాయి. అన్నీ ముగిసినాక తలుపు మూసినట్టు క్లయింటును మూసి రావడం కూడా ఆరోజే రాసినాడు.

సారు వచ్చి, వెనక నిలబడి, పైనుంచి కింది దాకా చదివినారు.

"గురువారం," అన్నారు.

*

గురువారం మార్కెట్టు పదింటికి తెరుస్తారు. తొమ్మిదిన్నరకే సారు వాకిలి నిండా చెప్పులు. ఇరవై రెండు ఇళ్ళ నుంచి ఇంటికొకరు వచ్చినారు. పొద్దున్నుంచి మబ్బు పట్టి ఉంది. అప్పుడప్పుడూ గాలి విసురుగా వచ్చి కరెంటు తీగల్ని ఊపి పోతున్నది.

మొదటి రెండు మార్కెట్ల సరుకు పడమటి వీధివాళ్ళకు. మూడోది హుసేన్‌బీ వాళ్ళ వీధికి. నాలుగోది నంజుండప్పకూ ఇంకో ఇద్దరికీ. ఇట్లా ముందే పంచుకున్నారు. ధర ఎంత దాటకూడదో అది కూడా రాసుకున్నారు.

పదయింది. తిప్పేస్వామి మీట నొక్కినాడు.

ఒకటో మార్కెట్టు చెప్పింది, కుదిరింది. మూడోది చెప్పింది, కుదిరింది. రెండోది సగమే కుదిరిందని చెప్పింది.

నాలుగోది చెప్పలేదు.

ఒక సెకను. మూడు సెకన్లు. పది.

"ఏమప్పా, మాది?" అన్నాడు నంజుండప్ప.

"ఇంకా చెప్పలేదు మామా. అడుగుతుండా."

"అడిగేదేంది? మళ్ళీ కొట్టు!"

తిప్పేస్వామి కొట్టలేదు. ఆ బేరం పేరు చెప్పి, చేరిందా అని అడిగినాడు. ఆ ప్రశ్నకూ జవాబు లేదు. గాలి మళ్ళీ వచ్చింది. లైటు ఒకసారి కన్ను కొట్టి వెలిగింది.

"పైకి పోతాది ధర! ఆ మాత్రం తెలీదా?" నంజుండప్ప కుర్చీ వెనకపక్కను గట్టిగా పట్టుకున్నాడు. "మొన్న నాకు చూపించినావే, మళ్ళీ మళ్ళీ పంపేది! ఆ లైను ఏమైంది?"

"తీసేసినాను మామా."

"తీసేసినావా!"

గదిలో గోల లేచింది. "పిల్లోడు బెదిరినాడు," అన్నారెవరో. "బెంగుళూరోళ్ళు ఊరికే రానియ్యలేదా వీణ్ణి?" అన్నారింకొకరు. తిప్పేస్వామి చెవులు ఎర్రబడినాయి. వేలు మీట మీదనే ఉంది. ఒక్కసారి, ఒకే ఒక్కసారి వాడు వెనక్కి తిరిగి సారు వైపు చూసినాడు.

సారు గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నారు. ఆయన కళ్ళు కూడా తెర మీదనే ఉన్నాయి.

వాడు మీట మీద నుంచి వేలు తీసినాడు. రెండో మార్కెట్టులో మిగిలిన సగం సంగతి చూసినాడు. అక్కడ ధర ఇంకా హద్దులోనే ఉంది. అది కుదిర్చినాడు. మళ్ళీ నాలుగోదాన్ని అడిగినాడు. మూడోదాని రసీదు తీసి పెట్టినాడు. మళ్ళీ నాలుగోదాన్ని అడిగినాడు.

నలభై సెకన్లు అట్లా పోయినాయి. కిటికీ అవతల హుసేన్‌బీ చక్రాల చప్పుడు ఒక్కటే.

అప్పుడు నాలుగో మార్కెట్టు జవాబు వచ్చింది. 'ఆ పేరుతో మాకు బేరమేదీ చేరలేదు.'

తిప్పేస్వామి వెంటనే ధర చూసినాడు. రాసుకున్న హద్దు దాటి, పైన ఇంకా పన్నెండు రూపాయలు ఎక్కి ఉంది. చూస్తుండగానే ఆ సరుకు ఎవరిదో అయిపోయింది.

"పోయింది మామా," అన్నాడు.

నంజుండప్ప కుర్చీ వదిలినాడు. నేరుగా సారు ముందరికి వచ్చినాడు.

"నా తొట్టి మళ్ళీ సోమవారం మార్కెట్టు దాకా ఆరిపోతాది సార్. నా ఒక్కనిదే కాదు, మూడిళ్ళవి. కూలోళ్ళకు ఏం చెప్పల్ల నేను? ఒక్క మీట సార్, ఒక్క మీట నొక్కుంటే వచ్చుండేది. వచ్చుండేదా లేదా, మీరే చెప్పండి."

"వచ్చుండేది," అన్నారు సారు.

"మరి?"

"మొదటిది చేరుంటే?"

"చేరలేదు కదా సార్!" నంజుండప్ప చెయ్యి తెర వైపు విసిరినాడు. "మార్కెట్టోడే చెప్తుండాడు కదా, చేరలేదని!"

సారు తల ఎత్తి ఆయన్ను చూసినారు. కోపం లేదు ఆ చూపులో. పరీక్షలో పిల్లవాణ్ణి అడిగినంత నిదానంగా అడిగినారు.

"చేరలేదని నీకెప్పుడు తెలిసింది నంజుండప్పా?"

నంజుండప్ప తెర వైపు చూసినాడు. అక్కడ తిప్పేస్వామి, వీళ్ళ మాటలేమీ వినపడనట్టు, మూడు మార్కెట్ల రసీదులూ సరిచూసుకుని, క్లయింటు మూస్తున్నాడు. ఎర్రగా కాలిన వేళ్ళు ఒక్కో మీటనూ మెల్లగా ముడుతున్నాయి.

గదిలోంచి ఒక్కొక్కరే లేచి చెప్పులు వేసుకున్నారు. నంజుండప్ప అందరికన్నా చివర కదిలినాడు. గుమ్మం దాకా పోయి, వెనక్కి తిరగకుండానే అన్నాడు.

"ఒరే తిప్పేసామీ, సోమవారం తొమ్మిదింటికే వచ్చి కూర్చో. మొదటి బేరం మా మూడిళ్ళదే పెట్టు."